టికెట్టు వెనక రాసిన చిల్లర

(విజయవాడలో డయాలసిస్ రోగుల కుటుంబాలవాళ్ళు కలుసుకున్న ఒక సమావేశంలో రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ ఒకరు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారమండి. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి, ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయి. బస్సులో కండక్టరుగా ఇరవై తొమ్మిదేళ్ళు అన్న మాట ఇది, దానంతటదే వచ్చేస్తుంది. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్ళు "నాలుగు ధైర్యం మాటలు చెప్పండి" అన్నారు. నా దగ్గర ధైర్యం లేదండి, ఉంటే నేనే వాడుకునేవాణ్ణి. నాకు తెలిసింది లెక్క ఒక్కటే. అది కూడా పూర్తిగా కుదరలేదు, ఎక్కడ కుదరలేదో కూడా చెప్తాను, అందుకే వచ్చాను.

కండక్టరు ఉద్యోగంలో ఒక పద్ధతుంది. డ్యూటీ దిగగానే డిపోలో క్యాష్ కట్టేయాలి, ఎంత రాత్రయినా సరే. ఇవాళ కలెక్షన్ బాగుంది కదా అని రేపటికి కొంత దాచడం ఉండదు, ఇవాళ తక్కువొచ్చింది రేపు సర్దుతానంటే ఒప్పుకోరు. తక్కువుంటే జేబులోంచి కట్టాలి. ఎక్కువున్నా తప్పే, చెకింగ్ వాళ్ళు దార్లో బస్సెక్కి సంచీ లెక్కపెట్టినప్పుడు టికెట్ల మొత్తం కన్నా డబ్బు ఎక్కువ కనపడితే సంజాయిషీ రాయాల్సిందే. వే బిల్లు, అంటే ఆ రోజు టికెట్ల లెక్క కాగితం, దాని మీద సంతకం పడిందా, ఆ రోజు అయిపోయింది. మర్నాడు కొత్త వే బిల్లు, ఖాళీ సంచీ. నేనెక్కువగా చేసింది విజయవాడ, గుంటూరు మధ్యలోనే. వారధి దాటడం, తాడేపల్లి, మంగళగిరి, కాజా, పెదకాకాని, గుంటూరు బస్టాండు, టీ తాగడం, మళ్ళీ వెనక్కి.

మా ఆవిడకి కిడ్నీలు పాడై 2019లో డయాలసిస్ మొదలైంది, నేను రిటైరైన మరుసటేడు. అప్పటికి మేం సింగ్ నగర్లో ఉన్నాం, ఇప్పటికీ అక్కడే. ఆవిడ వరండాలో కుట్టు మిషను పెట్టుకుని చీరలకి ఫాల్ వెయ్యడం, పికో చెయ్యడం చేసేది. కాళ్ళు వాచాయంటే మిషను తొక్కీ తొక్కీ వాచాయనుకున్నాం, అక్కడే రెండు నెలలు పోయాయి. బీపీ కూడా ఉంది, మాత్ర వేసుకోవడం మర్చిపోతుంటే నేనూ పట్టించుకోలేదు. మీలో ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్ళెవరన్నా ఉంటే, ఇంట్లో బీపీ, షుగరు ఉన్నవాళ్ళుంటే, క్రియాటినిన్ అని కిడ్నీల కోసం చేసే రక్తపరీక్ష ఒకసారి చేయించండి. సరే, ఇది మీకు నాకంటే ముందు మాట్లాడిన డాక్టరుగారు బాగా చెప్పారు.

వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్ర, పొద్దున ఫస్టు షిఫ్టు, నాలుగేసి గంటలు. కిడ్నీ మార్చేదాకా, లేదంటే జీవితాంతం అన్నారు. నేను ఇంటికొచ్చి మా మనవడి నోటు పుస్తకంలో లెక్క వేశాను. వారానికి మూడంటే ఏడాదికి 156, గంటల్లో 624. పదేళ్ళయితే? ఆ అంకె కిందే గీత గీసి కూర్చున్నాను, ఒళ్ళంతా చెమటలు. ఆవిడ వెనక నించుని చూసింది. చూసి ఏమందో తెలుసా, "ఏవండీ, మీరు గుంటూర్లో బస్సు తీసేటప్పుడే మంగళగిరిలో ఎక్కబోయేవాళ్ళందరికీ టికెట్లు కొట్టేస్తారా? ఎక్కినవాళ్ళకే కదా కొట్టేది. రేపు బుధవారం, దాని సంగతి చూడండి" అంది. ఆ కాగితం చింపి మిషను కింద పడ్డ దారప్పోగులతో కలిపి ఊడ్చేసింది.

నాలుగేళ్ళు ఆ మాట మీదే నడిచాం. నా ఉద్యోగం నాకే నేర్పింది ఆవిడ.

ఇక్కడున్న అటెండెంట్లకి నేను కొత్తగా చెప్పేదేముంది. కూరగాయలు చిన్నముక్కలు కోసి, బోలెడు నీళ్ళల్లో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు తాలింపు వెయ్యాలి, పొటాషియం పోవాలి కాబట్టి, దాంతోపాటు రుచీ పోతుంది. గుంటూరు ఆడపడుచుకి ఆవకాయ వద్దు, గోంగూర వద్దు, ఉప్పు చిటికెడు అని చెప్పి చూడండి! చుట్టాలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూడ్డానికొచ్చేవాళ్ళు, చేతిలో కొబ్బరిబొండాలు, అరటిపళ్ళు. ఈ జబ్బులో ఆ రెండూ ఎంత ప్రమాదమో, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందని వాళ్ళకేం తెలుసు పాపం, ప్రేమగా తెచ్చారు. మేం తీసుకుని, వాళ్ళు వెళ్ళాక పక్కింటి పిల్లలకిచ్చేవాళ్ళం. ఆ నాలుగేళ్ళల్లో మా వీధి పిల్లలు బాగా బలిశారు. (నవ్వులు)

నీళ్ళు మాత్రం నవ్వే విషయం కాదు. మా ఆవిడకి రోజుకి లీటరు దాటొద్దన్నారు. అందులో టీ, మజ్జిగ, సాంబారు, మాత్ర మింగడానికి తాగేది, అన్నీ లెక్కే. నేను పొద్దున్నే సీసాలో లీటరు పోసి పక్కన పెట్టేవాణ్ణి, ఆవిడ టీ తాగితే సీసాలోంచి ఆ మేరకు నీళ్ళు తీసేసేవాణ్ణి. వంద మిల్లీలీటర్ల స్టీలు గ్లాసు ఒకటి ప్రత్యేకంగా కొన్నాను. ఎండాకాలం బెజవాడలో లీటరు నీళ్ళతో మనిషి ఎలా ఉంటుందో ఒక్కరోజు ఉండి చూడండి. ఐసు ముక్క చప్పరించడం, నోరు పుక్కిలించి ఊసేయడం, అన్నీ చేశాం. ఎంత చేసినా సోమవారం బరువు చూస్తే మూడు కేజీలు పెరిగేది, సిస్టరు నా వంక చూసేది.

ఇంకొకటి చెప్తాను, సిగ్గుపడే విషయమేం కాదులెండి. మాది పెద్దలు చేసిన పెళ్ళి, ప్రేమ గీమ అనే మాటలు మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. చెయ్యి పట్టుకుని నడవడం కూడా లేదు, బస్సులో ఆవిడెక్కినా టికెట్టు కొట్టి ముందుకెళ్ళేవాణ్ణి. ఎడమ చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపే ఆపరేషను, చేశాక డాక్టరు నన్ను పిలిచి, రోజూ రాత్రి దాని మీద వేళ్ళు ఆనించి చూడు, లోపల రక్తం జుమ్మంటూ కదలాలి, ఆ కదలిక ఆగిందంటే పొద్దున దాకా ఉండకుండా వెంటనే తీసుకురా అన్నాడు. అలా చూస్తే ఎలా ఉంటుందంటే, ఇంజన్ ఆపకుండా బస్టాండులో నిలబెట్టిన బస్సు బానెట్ మీద చెయ్యి వేసినట్టుంటుంది. రోజూ రాత్రి పడుకునేముందు పట్టుకుని చూసేవాణ్ణి. ఆవిడ "ఉందా?" అనేది. నేను "ఉంది" అనేవాణ్ణి. లైటు ఆపేసేవాళ్ళం. అంతకుముందు ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ చెయ్యి అన్నిసార్లు పట్టుకోలేదండి నేను.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బస్సుల్లేవు, ఆటోల్లేవు. నా పాత స్కూటరు మీద హాస్పిటల్ చీటీ చూపించుకుంటూ తీసుకెళ్ళేవాణ్ణి. ఊరంతా నిర్మానుష్యం, కాకి అరిస్తే వినపడేది. ఒక్క సోమవారం కూడా పోనివ్వలేదు.

ఆశ గురించి కూడా మాట్లాడమన్నారు. మాకు ఆశంటే ఫోను. అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాం. నా కిడ్నీ ఇద్దామంటే, చట్టప్రకారం భర్త ఇవ్వొచ్చు, కానీ నాకు షుగరుందని కుదరదన్నారు. మా అమ్మాయి ముందుకొచ్చింది, ఆవిడ ఒప్పుకోలేదు, "చంటిపిల్లోడి తల్లివి, నోరుముయ్యి" అని కసిరింది, మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు. ఇక మిగిలింది బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ళ నుంచి రావడమే. అంటే ఎవరింట్లోనో ఏడుపు మొదలైతే మా ఫోను మోగాలి. ఆవిడకి అది అస్సలు నచ్చేది కాదు, దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు కిడ్నీ రావాలని అడగబుద్ధి కాదండీ అనేది. అయినా బ్యాగు సర్దిపెట్టుకున్నాం, రెండు చీరలు, దువ్వెన, రిపోర్టుల ఫైలు. ఫోను ఎప్పుడూ సైలెంట్లో పెట్టలేదు. తెలియని నెంబరు వస్తే చాలు, గుండె గొంతులోకొచ్చేది. ఎత్తితే "సార్, పర్సనల్ లోను ఏమన్నా కావాలా?" (నవ్వులు) నవ్వండి, మేమూ నవ్వేవాళ్ళం. నాలుగేళ్ళూ ఆ ఫోను రాలేదు. రాని ఫోనుకి నాలుగేళ్ళు రీఛార్జి చేయించాను, అందుకు బాధ లేదు. ఏ రోజు చేయించింది ఆ రోజుకి పనికొచ్చింది.

ఇప్పుడు లెక్క కుదరని చోటు చెప్తాను.

2023 మే నెల, ఆదివారం. శుక్రవారం డయాలసిస్ అయితే మళ్ళీ సోమవారమే కదా, మధ్యలో రెండు రోజులు. ఈ రెండు రోజుల ఖాళీయే అన్నిటికన్నా ప్రమాదమని డాక్టర్లకి తెలుసు, దానిమీద పరిశోధనలున్నాయి, నాకు మాత్రం తర్వాత తెలిసింది. ఆ రాత్రి కరెంటు పోయింది. తొమ్మిదిన్నరకి సీసా ఖాళీ అయింది. పదింటికి ఆవిడ "ఇంకో గ్లాసు ఇవ్వండి, నిండుగా" అంది. నేను కుండలోంచి ముంచి సగం పోశాను. ఆవిడ గ్లాసు పట్టుకుని ఊపి చూసింది. "మిగతా సగం రేపు డయాలసిస్ మిషను మీద కూర్చున్నాక ఇస్తాలే" అన్నాను. ఏం మాట్లాడకుండా తాగింది. ఫిస్టులా మీద చెయ్యి వేశాను. "ఉందా?" అంది. "ఉంది" అన్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపితే లేవలేదు.

(కాసేపు మౌనం)

బస్సులో యాభై రూపాయల నోటిచ్చి ముప్పై రెండు రూపాయల టికెట్టు అడుగుతారు, మన దగ్గర చిల్లరుండదు. టికెట్టు వెనక పద్దెనిమిది అని రాసిస్తాం, దిగేటప్పుడు తీసుకోమంటాం. కొంతమంది మర్చిపోయి దిగిపోతారు. సంచీలో ఆ పద్దెనిమిది మిగిలిపోతుంది. ఎవరిదో తెలీదు, ఎక్కడ దిగారో తెలీదు, ఇద్దామన్నా మనిషి లేడు. నా దగ్గర సగం గ్లాసు నీళ్ళు మిగిలిపోయాయి.

డాక్టర్ని అడిగాను. ఆ సగం గ్లాసు ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా లేదయ్యా, అది పొటాషియం పెరిగి గుండె ఆగడం అయ్యుంటుంది, నువ్వు చేసింది సరైనదే అన్నాడు. నమ్మాను. నమ్మినా బరువు తగ్గలేదు. ఇక్కడ ఎవరికన్నా ఇలాంటిది ఉంటే, ఒకరోజు ముందే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సింది, ఆ రోజు విసుక్కోకుండా ఉండాల్సింది, ఇలాంటివి, వాటి గురించి ఎవరితో అయినా నోరు తెరిచి చెప్పండి. నేను పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి కూడా.

పదోరోజు కృష్ణ ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. మీకు తెలుసుగా, కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక తీరలేదంటారు. మా బావమరిది ముందుకొచ్చి "అక్కా, మేనకోడల్ని చూసుకుంటాం" అన్నాడు, రాలేదు. మా వదినగారు "మనవడికి గొలుసు చేయిస్తాం" అంది, రాలేదు. నేను ఎవరూ చూడకుండా విస్తరి పక్కన చెంబుతో నిండా నీళ్ళు పెట్టాను. అప్పుడూ రాలేదు. మే నెల మధ్యాహ్నం, ఆ ఎండకి కాకులు మాత్రం ఎక్కడున్నాయి. చివరికి ఆవుకి పెట్టి వచ్చేశాం.

తర్వాత మా అమ్మాయి పట్టుబట్టి ఒక కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి చిన్నపిల్ల, మంచిది, దుఃఖానికి ఐదు స్టేజీలుంటాయండీ అని చెప్పింది. మొదట నమ్మకపోవడం, తర్వాత కోపం, తర్వాత బేరమాడటం, దిగులు, ఆఖర్న ఒప్పుకోవడం. నేనన్నాను, అమ్మా, నేను కండక్టర్ని, స్టేజీల గురించి నాకు చెప్పకు. వారధి దాటాక తాడేపల్లి వస్తుంది, తాడేపల్లి దాటాక మంగళగిరి, ఇది మారదు. నాకు అలా రావట్లేదే, కాజా దాటి హమ్మయ్య అనుకునేసరికి మళ్ళీ వారధి మీదున్నాను, ఇదేం రూటు? అప్పుడా పిల్ల నవ్వి అసలు సంగతి చెప్పింది. 1969లో ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ ఆ ఐదూ రాసింది చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి, వాళ్ళ గురించట. మిగిలిపోయిన మనకి తర్వాత అంటగట్టారు. వరసగా రావాలని రూలేం లేదట. ఆ ఒక్క ముక్క ముందే చెప్పుంటే, నాలో ఏదో లోపముందని అన్నాళ్ళు అనుకునేవాణ్ణి కాదు.

మన పెద్దవాళ్ళు కూడా రోజుల లెక్కే పెట్టారు చూడండి. పదోరోజు, పదకొండు, పన్నెండు, ఆపైన నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. మా పక్కింటి సాయిబుగారు పోతే వాళ్ళావిడ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించింది. చర్చి వాళ్ళు ఆదరణ కూడిక పెట్టుకుంటారు. నమ్మకాల సంగతి అటుంచండి, నెలకోసారి ఫలానా తిథికి నలుగురూ ఇంటికొస్తారు, వాళ్ళకి వండాలి, సరుకులు తేవాలి. ఆ పని నన్ను కొన్నిసార్లు నిలబెట్టింది. ఏడాది తర్వాత ఎవరూ రారు. అమెరికాలో మానసిక వైద్యుల పుస్తకంలో 2022లో ఒకటి చేర్చారట, ఏడాది దాటాక కూడా రోజువారీ పనులు చేసుకోలేనంత దుఃఖం పట్టి పీడిస్తుంటే దానికి వైద్యం అవసరమని. మన సంవత్సరీకమూ ఏడాదే, వాళ్ళ గడువూ ఏడాదే, నాకు ఆశ్చర్యమేసింది. అలాంటి స్థితిలో ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలిమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను. సిగ్గేముంది?

ఆవిడ పోయాక కూడా సోమవారం నాలుగున్నరకి మెలకువ వచ్చేసేది. మూడో సోమవారం ఉండబట్టలేక స్కూటరు తీసి హాస్పిటల్‌కి వెళ్ళిపోయాను. వాచ్‌మెన్ "లోపలెవరు?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. కాసేపు నా మొహం చూసి, పోయి కూర్చోమన్నాడు. అదే బెంచీ. పక్కన ఎ.కొండూరు వైపు తండా నుంచి వచ్చినాయన, వాళ్ళ ఊళ్ళల్లో ఈ జబ్బు చాలామందికి ఉంది, రాత్రి రెండింటికి బయల్దేరి కొడుకుని తీసుకొచ్చాడు, కొత్త కేసు. జేబులోంచి కాగితం తీసి ఏదో లెక్క వేస్తున్నాడు. నాకు చూడకుండానే తెలుసు అది ఏ లెక్కో. "అన్నా, బస్సులో ముందే టికెట్లు కొడతారా?" అని అడిగాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. (నవ్వులు) తర్వాత స్నేహితులమయ్యాం.

2024 సెప్టెంబరు ఒకటి, అదీ ఆదివారమే, బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, ఇంతకుముందు ఎన్నడూ చూడనంత కృష్ణ. మేం పైఅంతస్తుకి ఎక్కాం. కింద ఆవిడ కుట్టు మిషను, పెళ్ళి ఆల్బం, స్టీలు గ్లాసు, అన్నీ నీళ్ళల్లోనే. వాంబే కాలనీలో మా డయాలసిస్ వార్డు కుర్రాడొకడున్నాడు, ఇరవై మూడేళ్ళు, వాడికి సోమవారం డయాలసిస్. ఫోన్ చేసి "బాబాయ్, చుట్టూ నీళ్ళే, బయటికెలా వచ్చేది?" అన్నాడు. నేనడిగింది ఒక్కటే, ఎన్ని నీళ్ళు తాగావురా అని. పడవలవాళ్ళు మంచినీళ్ళ ప్యాకెట్లు ఇచ్చారు బాబాయ్, భయమేసి రెండు తాగానన్నాడు. ఇక తాగకు, పొడి బిస్కెట్లు తిను, అరటిపండు ఇస్తే ముట్టుకోకు, గంటకోసారి నాకు ఫోన్ చెయ్యి అన్నాను. చుట్టూ మైళ్ళ కొద్దీ నీళ్ళు, నేను ఫోన్లో ఒక్కో గుక్క లెక్కపెడుతున్నాను. సెల్లులో చార్జింగు పన్నెండు శాతముంది. మంగళవారం మధ్యాహ్నం పడవలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా తెచ్చారు వాణ్ణి, అక్కణ్ణుంచి హాస్పిటల్. బతికాడు. మూడో వరసలో కూర్చుని నన్ను తిట్టుకుంటున్నాడు, వాడి సంగతి చెప్పేశానని.

ఆల్బం పోయింది, ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిషను మాత్రం మెకానిక్ కిరోసిన్లో కడిగి, బెల్టు మార్చి ఇచ్చాడు. తిరుగుతోంది, దారం తెంపుతోంది. పక్కింటమ్మాయి నేర్చుకుంటానని తీసుకెళ్ళింది, సాయంత్రం పూట ఆ చప్పుడు వినపడుతుంది, ఒక్కోరోజు బాగానే ఉంటుంది, ఒక్కోరోజు తలుపేసుకుంటాను.

ఇప్పటికీ సోమవారం ఫస్టు షిఫ్టుకి బెంచీ మీద ఉంటాను. ఫ్లాస్కు నిండా టీ తెస్తాను, పేపరు గ్లాసులు తెస్తాను. అటెండెంట్లందరూ తాగొచ్చు, నిండా పోస్తాను. లోపల డయాలసిస్ మిషను మీదున్నవాళ్ళకి మాత్రం సిస్టర్ని అడిగే ఇస్తాను. మొన్న ఆ తండా ఆయన కొడుకు అడిగించాడు, సిస్టరు వంద ఇవ్వొచ్చంది. వందా పోశాను.

అంతేనండి. పదకొండు దాటింది, లోపల సెకండు షిఫ్టు వాళ్ళు ఎక్కుంటారు, వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళండి.